పేరు మారిన శాస్త్రం, పేరు మరచిన గృహిణి: గృహవిజ్ఞాన బోధనపై స్త్రీవాద సాహిత్య విమర్శ

1. ఉపోద్ఘాతం

కళాశాలల్లో గృహవిజ్ఞానం చాలాకాలం ఆడపిల్లల చదువుగానే చెలామణి అయింది. ఆహారం-పోషణ, మానవాభివృద్ధి, కుటుంబ వనరుల నిర్వహణ, వస్త్రశాస్త్రం, విస్తరణ విద్య దీని ప్రధాన శాఖలు. ఇంటిని శాస్త్రీయ పరిశీలనకు తగిన స్థలంగా నిలబెట్టిన ఘనత ఈ శాస్త్రానిది. అయితే ఇంటిపనిని ఎలా చేయాలో వివరించినంతగా, ఆ పని ఎవరిది అన్న ప్రశ్నను ఇది చర్చించలేదు. తెలుగులో ఆ ప్రశ్నను సూటిగా అడిగినవి స్త్రీవాద రచనలు. పి. సత్యవతి కథ ‘ఇల్లలకగానే’, విమల కవిత ‘వంటిల్లు’ వెలుగులో గృహవిజ్ఞాన దృక్పథాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. శాస్త్రానికి పేరు మార్పు

అమెరికాలో రసాయన శాస్త్రవేత్త ఎలెన్ స్వాలో రిచర్డ్స్ నాయకత్వంలో 1899లో మొదలైన లేక్ ప్లాసిడ్ సమావేశాలు ఈ విద్యకు పునాది వేశాయి. విజ్ఞానశాస్త్రాల్లో స్త్రీలకు ప్రవేశం అరుదైన కాలంలో ఇది వారికి పరిశోధనకూ ఉద్యోగానికీ దారి చూపింది. 1993లో స్కాట్స్‌డేల్ సమావేశం ‘హోమ్ ఎకనామిక్స్’కు బదులు ‘ఫ్యామిలీ అండ్ కన్స్యూమర్ సైన్సెస్’ అనే పేరును ప్రతిపాదించింది. భారతీయ వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ‘హోమ్ సైన్స్’ ఇటీవలి కాలంలో ‘కమ్యూనిటీ సైన్స్’ అయింది. హైదరాబాదులోని సైఫాబాదు కళాశాల పేరు కూడా అలాగే మారింది. వంట, కుట్టుపని నేర్పే చదువన్న చులకన భావాన్ని తొలగించుకోవడానికి ఈ మార్పు తోడ్పడవచ్చు. కాని పేరులోంచి ‘ఇల్లు’ తొలగినంత మాత్రాన ఇంట్లోని శ్రమవిభజన మారదు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, వేతనం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు.

3. గృహిణి మరచిన పేరు

ఈగ ఇల్లలుకుతూ పేరు మరచిపోయిన కథ తెలుగు పిల్లలందరికీ తెలిసినదే. సత్యవతి ఆ కథనూ, ‘ఇల్లలకగానే పండగ కాదు’ అన్న సామెతనూ గృహిణి జీవితానికి అన్వయించారు. చదువుకున్న యువతి పెళ్లయ్యాక ఇంటిని అద్దంలా ఉంచడంలో ఆరితేరి, ఒకనాడు తన పేరే మరచిపోతుంది. పిల్లలకు ఆమె అమ్మ. పనిమనిషికి ఫలానా ఇంటి అమ్మగారు. చివరకు పాత స్నేహితురాలి పిలుపుతో తాను శారదనని ఆమెకు గుర్తుకు వస్తుంది.

ఇక్కడ గమనించదగినది శారద నేర్పు. గృహనిర్వహణ పాఠాలు ఆదర్శంగా చూపే పరిశుభ్రత, క్రమం, ఓర్పు అన్నీ ఆమెలో ఉన్నాయి. ఆమె మరపునకు కారణం నైపుణ్యలోపం కాదు; నైపుణ్యమంతా ఒకే దిశలో ఖర్చుకావడం. శ్రమను సులభతరం చేసే పద్ధతులను బోధించే శాస్త్రం, మిగిలిన సమయం ఎవరికి దక్కుతుందో కూడా చర్చించాలని ఈ కథ సూచిస్తుంది.

4. గిన్నెలపై పేరు

విమల కవితలో వంట చేసేది స్త్రీ. గిన్నెలమీద ఉండేది తండ్రి పేరు. శ్రమకూ యాజమాన్యానికీ మధ్య ఉన్న దూరాన్ని ఈ ఒక్క వివరం పట్టి చూపుతుంది. వనరుల నిర్వహణ పాఠంలో ‘కుటుంబ వనరు’ అన్నది ఉమ్మడి పదం. కవిత దాన్ని విడదీసి, ఎవరి వనరు అని నిలదీస్తుంది. కవిత వంటిళ్లను కూల్చాలనే పిలుపుదాకా వెళ్తుంది.

5. ముగింపు

ఈ రచనలకూ పరిమితులున్నాయి. వంటిల్లు కూలినా ఆకలి తీరవలసిందే. బిడ్డ ఎదుగుదలకు పోషణ కావలసిందే. ఆ జ్ఞానం గృహవిజ్ఞానం వద్ద ఉంది. శారద ఇంటి పనిమనిషి తన సొంత ఇంట్లో చేసే చాకిరీ కథ పరిధిలోకి రాదు. కుటుంబాల ఆదాయ వ్యయాలను అధ్యయనం చేసే శాస్త్రం అక్కడికి వెళ్లగలదు. కనుక శాస్త్రానికి సాహిత్యం ప్రశ్ననిస్తే, సాహిత్యానికి శాస్త్రం ఆచరణను చూపగలదు. కుటుంబ వనరుల నిర్వహణ తరగతిలో ‘ఇల్లలకగానే’ను పాఠ్యాంశంగా చేర్చి, ఆ తరగతిలో అబ్బాయిలు కూడా కూర్చునేలా చూసినప్పుడే ఈ పేరు మార్పుకు అర్థం చేకూరుతుంది.