మందు కొలిచే చెయ్యి

అమెరికా బెంచ్‌రెస్ట్ తుపాకీ పోటీల్లో 100 గజాల దూరాన అయిదు గుళ్ళూ ఒకే కన్నంలోంచి దూసుకుపోవాలి. కొట్లో కొన్న తూటాలతో అది అయ్యే పని కాదు. అందుకే మైదానం పక్కనే బల్ల వేసుకుని, ఆటకీ ఆటకీ మధ్య ఎవరి తూటా వాళ్ళే నింపుకుంటారు. 1975లో పాల్మిసానో, పిండెల్ అనేవాళ్ళు తీర్చిన 6 పీపీసీ పొట్టి తూటాకు ఫిన్లాండ్ తుపాకీ మందు ఎన్133 అంటే చాలామందికి ప్రాణం. దానికేమో వాతావరణం పట్టింపు ఎక్కువ. ఎండెక్కితే పాళ్ళు మళ్ళీ చూసుకోవాలి. హెచ్322 అనే మరో మందు అంత పేచీ పెట్టదు, పొట్టి పలుకులు కొలతకు చక్కగా లొంగుతాయి. అయినా పాతకాపులు మొదటిదాన్నే పట్టుకు వేలాడతారు, ఏం చేస్తాం! నాకైతే వాళ్ళ చేతి పనితనమే ముచ్చట. కొలపాత్ర పిడిని ప్రతిసారీ ఒకే వేగంతో తిప్పుతారు. పొడవాటి గొట్టంలోంచి మందు నెమ్మదిగా దిగితేనే ఆ ఇరుకు తూటాలో ఒత్తుగా సర్దుకుంటుంది.