పాతరైలు, కొత్తచేతులు: రోల్ట్ గ్రంథముపై ఒక పరిశీలన

ఆవిరియంత్రము ఎట్లు పనిచేయునో వివరించు పుస్తకములు పెక్కు గలవు. కాని ఎనుబదియైదేండ్లు గడచిన ఆవిరియంత్రముచేత ఇంకను పని చేయించుట ఎట్లో చెప్పు పుస్తకములు అరుదు. ఎల్. టి. సి. రోల్ట్ రచించి 1953లో ప్రకటించిన ‘రైల్వే అడ్వెంచర్’ అను ఆంగ్లగ్రంథము ఈ రెండవ కోవకు చెందినది. రోల్ట్ యంత్రశాలలో శిక్షణ పొందిన ఇంజనీరు. తరువాతి కాలమున బ్రునెల్, టెల్ఫర్డ్, స్టీఫెన్సనుల జీవితచరిత్రలను వ్రాసి పేరుగాంచెను.

గ్రంథవిషయము వేల్సులోని టాలిల్లిన్ రైలుమార్గము. కొండలలోని బ్రిన్ ఎగ్లూయిస్ గని నుండి పలకరాతిని సముద్రతీరమందలి టవిన్ పట్టణమునకు చేర్చుటకై 1866 ప్రాంతమున దీనిని నిర్మించిరి. పొడవు సుమారు 7 మైళ్లు. పట్టాల నడుమ ఎడము 2 అడుగుల 3 అంగుళములు, అనగా సుమారు 686 మిల్లీమీటర్లు. 1946 చివర గని మూతపడెను. గనికిని రైలుకును యజమాని అయిన సర్ హెన్రీ హేడన్ జోన్స్ 1950లో మరణించెను. ఆ యేడు అక్టోబరులో రోల్టును, అతని మిత్రులును బర్మింగ్‌హామ్ నగరమున సభ జరిపి, రైలును కాపాడుటకై సంఘమును స్థాపించిరి. 1951 మే 14వ తేదీన సంఘము ఆధ్వర్యమున తొలి రైలు నడచెను. స్వచ్ఛందసేవకులు పూనుకొని నిలిపిన రైలుమార్గములలో ప్రపంచమున ఇదియే మొదటిది. 1951, 1952 సంవత్సరములలో రోల్ట్ దీనికి మేనేజరుగా పనిచేసెను. గ్రంథములోని ప్రధానకథ ఆ రెండేండ్లదే.

ఈ గ్రంథమునకు గల మొదటి గుణము, ఉత్సాహమునకు పదార్థము ఎదురుతిరిగిన ఘట్టములను దాచకుండుట. సంఘమునకు సంక్రమించిన రెండు ఇంజనులలో ‘డాల్గాక్’ ఒక్కటియే నడువగలిగిన స్థితిలో ఉండెను. 1948లో మూతపడిన కారిస్ అను పొరుగు మార్గము నుండి అదే గేజి గల రెండు ఇంజనులను సంఘము కొనెను. వానిలో ఒకదానిని పట్టాలపై నడుపగా అది మాటిమాటికి పట్టాలు తప్పెను. గేజి ఒకటే అయినప్పుడు ఇట్లేల జరిగెను? దుంగలు కుళ్లి మేకుల పట్టు సడలినచోట, చక్రముల అంచులు బయటివైపునకు త్రోయుటచే పట్టాల ఎడము పెరుగును. పాత ఇంజను చక్రముల తలము వెడల్పైనది కావున ఎడము కొంత పెరిగినను చక్రము పట్టాపైననే నిలిచెను. కారిస్ చక్రముల తలము ఇరుకైనది. ఎడము పెరిగినచోట అది పట్టాపై నుండి జారి లోపలికి పడెను. పాత ఇంజను తప్పక నడచుచున్నది కావున మార్గము బాగున్నదని తలచుట ఎంత పొరపాటో కొత్త ఇంజను చూపినది. పరికరము మారినప్పుడే పాతలోపము బయటపడునను సత్యము ప్రయోగశాలలో పనిచేయు ప్రతి విద్యార్థికిని పనికివచ్చును.

గ్రంథమునకు పెట్టిన పేరు మాత్రము విమర్శకు పాత్రమే. ‘అడ్వెంచర్’ అనగా సాహసము. ప్రయాణికుల నెక్కించుకొను రైలుకు కావలసినది సాహసము కాదు, నిత్యపోషణ. బాయిలరు రేకు లోలోపల తుప్పుపట్టి పలుచనగును. దాని బలమును కంటితో చూచి చెప్పలేము. అందుచే దానిని నీటితో నింపి, పనిచేయు పీడనమునకు మించిన పీడనముతో పరీక్షింతురు. ఆవిరికి బదులు నీరేల? నీరు నొక్కినను దాదాపుగా సంకోచింపదు. దానిలో నిలువయగు శక్తి స్వల్పము. రేకు చీలినచో నీరు కారిపోవునే గాని, ఆవిరివలె వ్యాకోచించి ప్రేలుడు కలిగింపదు. ఇట్టి పరీక్షలో వీరగాథ ఏమియు లేదు. కాని ప్రాణములు దానిపైననే ఆధారపడియున్నవి. ఈ సంగతి రోల్టుకు తెలియనిది కాదు. రైలు ప్రమాదముల చరిత్రయగు ‘రెడ్ ఫర్ డేంజర్’ గ్రంథమును 1955లో ప్రకటించినవాడు అతడే. ఆ రెండవ గ్రంథములోని జాగరూకతను మొదటిదాని పేరు మరుగుపరచుచున్నది.

రెండవ విమర్శ, ‘స్వచ్ఛందసేవకులు కాపాడిన రైలు’ అను వాడుకమాటను గూర్చినది. సంఘము రాకముందు నుండియు ఆ మార్గమున జీతమునకు పనిచేయుచున్నవారు ఉండిరి. శిథిలమైన దారిపై ఒక్క ఇంజనుతో యజమాని మరణించు వరకు రైలును నిలిపినది వారే. సెలవుదినములలో వచ్చువాని ఉత్సాహమునకు దినదినము చేయువాని నేర్పు తోడుకానిచో రైలు కదలదు. కీర్తి అంతయు మొదటివానికే దక్కుట న్యాయము కాదు.

మూడవది మరింత లోతైన ప్రశ్న: కాపాడబడినది ఏది? పలకరాతి గనికొరకు పుట్టిన రైలు గనితోనే తన పూర్వప్రయోజనమును కోల్పోయెను. సంఘము నడిపినది విహారయాత్రికుల రైలు. ఇంజనులు సైతము పూర్వపువిగా నిలువలేదు. ‘టాలిల్లిన్’ ఇంజను 1958లోను, ‘డాల్గాక్’ 1963లోను పెద్ద మరమ్మతులు ముగించుకొని తిరిగి పనిలోనికి వచ్చెను. నడచు యంత్రము అరుగును. అరిగిన భాగమును మార్చవలెను. మ్యూజియములో కదలక నిలిచిన ఇంజను పాతలోహమును కాపాడును గాని, దానిని నడుపు విద్యను కాపాడలేదు. నడచు ఇంజను విద్యను కాపాడును గాని లోహమును కోల్పోవును. రెండును ఒకచోట లభింపవు. 1952తో ముగిసిన కథలో ఈ చిక్కుకు పూర్తిసమాధానమును ఆశింపరాదు. కాని నేటి పాఠకుడు దీనిని మనసునందుంచుకొనియే చదువవలెను.

ఈ ప్రశ్న తెలుగువారికి దూరమైనది కాదు. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుండి పర్లాకిమిడికి 1900లో 2 అడుగుల 6 అంగుళముల గేజిపై చిన్నరైలు నడచెను. 2004లో అది నిలిచి, ఆ మార్గము బ్రాడ్‌గేజిగా మారెను. నిత్యము ప్రయాణించువారికి పెద్దరైలు మేలే. ప్రతి పాతమార్గమును పట్టుకొని యుండవలెనను వాదము నిలువదు. కాని మార్గము పోయినను, దానిపై పనిచేసినవారి ఎరుక పోనక్కరలేదు. పట్టా ఎడమును ఎట్లు సరిచూచిరి, బాయిలరునకు ఏ నీరు పోసిరి, వంపులలో వేగమును ఎంతకు తగ్గించిరి అను సంగతులను వారినడిగి వ్రాసికొనుట ఉన్నతపాఠశాల విద్యార్థులు సైతము చేయగల పని. దీనికి కావలసినది ఒక నోటుపుస్తకము, కొంత ఓపిక.

లోపము లున్నను రోల్ట్ గ్రంథము ఉపాధ్యాయులు తప్పక చదువదగినది. యంత్రమును కనిపెట్టినవానికి పాఠ్యపుస్తకములలో చోటు గలదు. దానిని చెడకుండ నిలిపినవానికి అంతగా లేదు. విజ్ఞానము ఈ ఇరువురి చేతులలోను ఉన్నదని ఈ గ్రంథము సోదాహరణముగా చూపుచున్నది.