సగం గుడి చూసి

భూమిలోంచి డ్రిల్‌తో తీసిన రాతి కడ్డీని, అంటే డ్రిల్ కోర్‌ను, చదివేవాళ్లు రెండు రకాలు. రాగి ఎంత శాతమో చూసుకుని పెట్టె మూసేవాళ్లు మొదటి రకం. ఆ అంకె వాచ్యార్థం, అంతే. ఈ రాయి ఎందుకు ఆకుపచ్చబారింది, ఈ ఫెల్‌స్పార్ ఎందుకు సుద్దలా మెత్తబడింది అని ఆగేవాళ్లకు అదే కోర్ ధ్వనికావ్యం. ధ్వనే కావ్యానికి ఆత్మ అన్న ఆనందవర్ధనుడు అరిజోనాలో పుట్టి ఉంటే సుత్తి పట్టి కొండలెక్కేవాడేమోనని నాకో చిలిపి ఊహ.

ఆ ఊహకు కారణం శాన్ మాన్యుయెల్. అరిజోనాలో టూసాన్‌కు ఉత్తరాన ఉన్న ఒకప్పటి రాగి గని అది. అక్కడ వేడి ద్రవాలు రాయిని పొరలు పొరలుగా మార్చేశాయి. నడిమధ్యన గులాబీ రంగు పొటాషియం ఫెల్‌స్పార్, నల్ల అభ్రకమైన బయోటైట్. దాని చుట్టూ పట్టులా మెరిసే సెరిసైట్, క్వార్ట్జ్, విస్తారంగా పైరైట్. ఆపైన బంకమన్ను ఖనిజాలు. అన్నిటికీ వెలుపల క్లోరైట్, ఎపిడోట్‌ల పచ్చదనం. మధ్య పొర, సెరిసైట్ పొర కలిసే చోట చక్కని రాగి గుల్లలా పేరుకుంటుంది. ఇది గుడి కట్టడమే. బయటి ప్రాకారంలో అడుగుపెట్టినవాడికి గర్భగుడి కనిపించకపోవచ్చు, ఎటు నడవాలో మాత్రం తెలుస్తుంది. రాగి లేదని పారేసిన పచ్చరాయి ఆ లెక్కన వ్యర్థం కాదు, దారి చూపే ప్రాకారం.

అయితే ఈ గుడి సగమే ఉంది! ఒక పెద్ద ఫాల్ట్, అంటే రాళ్లు జారిపోయే పగులు, దాన్ని నరికేసింది. శాన్ మాన్యుయెల్ పొరలు ఫాల్ట్ దాకా వచ్చి, మాట మధ్యలో నోరు మూసుకున్నట్టు ఆగిపోతాయి. జె. డేవిడ్ లోవెల్ అనే భూవిజ్ఞాని చూపు ఆ ఆగడం మీద నిలిచింది. ఖనిజరాశి మొదట నిలువు స్తంభంలా ఉండేదని, తర్వాత నేలతో పాటు బాగా ఒరిగిందని, ఆపైన ఫాల్ట్ కోసిన పైభాగం నైరుతి దిక్కుగా కిందికి జారిందని ఆయన ఊహించాడు. ఆ వైపు అంతకుముందే వేసిన బోర్లు ఉన్నాయి. రాగి కోసం చూస్తే వాటిలో ఉత్సాహపడడానికి ఏమీ లేదు. పొరల కోసం చూస్తే అవే మాట్లాడాయి.

1965లో ఆయన చెప్పిన చోట డ్రిల్లింగ్ జరిగింది. సుమారు 8,000 అడుగులు జారిపోయిన మిగతా సగం, పైనేల మీద ఏ ఆనవాలూ లేకుండా లోతున దాక్కున్నది, దొరికింది. దానికి కలమజూ అని పేరు.

నన్ను పరవశింపజేసేది రాగి దొరకడం కాదు. అదృష్టం కొద్దీ ఎవరికైనా దొరకవచ్చు. చెప్పిన ఆకారంలో దొరకడమే నాకు ముఖ్యం. పద్యం మొదటి రెండు పాదాలు విని మిగతా రెంటి ప్రాసాక్షరం పట్టేసినట్టు, విరిగిన అంచును బట్టి అవతలి అంచును గీశాడాయన. డ్రిల్లింగ్ ఖర్చు అడుగుకింత అని లెక్క కడతారు. గీత సరైనదైతే ఒక్కో అడుగు తన చుట్టూ ఉన్న తవ్వని వేల అడుగుల గురించి కూడా సాక్ష్యం చెబుతుంది. పాత బోరు కూడా మళ్లీ కొత్తగా పలుకుతుంది.

1970లో లోవెల్, జాన్ గిల్బర్ట్ కలిసి ఈ జంటను మరో 27 నిక్షేపాలతో పోల్చి, ఇలాంటి పోర్ఫిరీ రాగి నిక్షేపాలకు ఒక నమూనా ప్రకటించారు. దాన్ని మంత్రంలా వల్లించినవాళ్లూ ఉన్నారు. ప్రతి కొండలోనూ నాలుగు పొరలూ వెతికి, లేనిచోట చిరాకుపడ్డవాళ్లు. అలంకారశాస్త్రం చదివి కవిత్వం రాయబోయే బాపతు.

ఈ రోజుల్లో కంప్యూటర్ తెరమీద ఖనిజరాశిని రంగురంగులుగా గిరగిరా తిప్పి చూపిస్తారు. బాగుంటుంది, కాదనను. నా మనసు మాత్రం శాన్ మాన్యుయెల్, కలమజూల పాత నలుపు-తెలుపు బొమ్మ దగ్గరే ఆగుతుంది. అందులో ఒరిగిన స్తంభాన్ని మళ్లీ నిలబెట్టి, జారిన సగాన్ని వెనక్కి లాగి, రెండు అంచులూ కలిపారు. సెరిసైట్ గీత ఇటునుంచి అటు తెగకుండా సాగిపోతుంది.