సంవత్సరం కింద ఒక ‘ఐ’

రెండంగుళాల పొడుగున్న కోడిగుడ్డు ఆకారపు దంతపు రేకు. దాని మీద ఎర్రకోటు వేసుకున్న ఒక కుంపిణీ దొర. కాస్త పక్కకి తిరిగి ఉన్నాడు. ఏదో చెప్పబోయి మానుకున్నట్టు పెదవి చివర చిన్న నవ్వు. కింద ఒక మూలన భూతద్దం పెడితే మూడు వరసల్లో చీమ తలకాయంత రాత కనిపిస్తుంది. పైన జె, ఎస్. దాని కింద సంవత్సరం. ఆ కింద ఒంటరిగా ఒక ‘ఐ’. ఐ అంటే ఇండియా. ఆ అక్షరం ఉందంటే బొమ్మ మన గడ్డ మీద పుట్టిందన్నమాట.

జాన్ స్మార్ట్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1785 నుంచి 1795 దాకా మద్రాసులో ఉండి వేసిన బొమ్మల మీద ఇలా సంతకం చేశాడు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో దంతం మీద కుంచె పట్టినవాళ్లలో ఈయన్ని మించినవాడు లేడని నా నమ్మకం. అదే కాలపు చిత్రకారుడు రిచర్డ్ కాస్వే అభిమానులు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పోనివ్వండి, వాళ్ల సంగతి తర్వాత చెబుతాను.

ఇలాంటి బొమ్మని మినియేచర్ అంటారు. మినియేచర్ అనగానే ‘చిన్నది’ అనుకుంటాం. అసలా మాట మినియం నుంచి వచ్చిందంటారు. మినియం అంటే సిందూరం. చేతిరాత పుస్తకాల్లో ఎర్రక్షరాలు, బొమ్మలు దిద్దే పనికి ఆ పేరొచ్చి, తర్వాత ఈ బుల్లి ముఖచిత్రాలకి అంటుకుంది. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో నికొలస్ హిలియర్డ్ పల్చటి దూడతోలుని పేకముక్క మీద అతికించి దాని మీద వేసేవాడు. 1700 ప్రాంతాల వెనిస్‌లో రొజాల్బా కరియేరా అనే ఆవిడ తోలు పక్కన పెట్టి దంతం పట్టుకుంది. కొద్ది ఏళ్లకే లండన్‌లో బెర్నార్డ్ లెన్స్ ఆ దారి తొక్కాడు. చరిత్రకి ఇంత చాలు. నాకు చెప్పాలని ఉన్నది పని గురించి.

దంతం నీళ్లు తాగదు. ఈ కళలో కష్టం, అందం రెండూ అక్కడే ఉన్నాయి. కాగితం మీద నీటిరంగు పెడితే పీల్చుకుంటుంది. దంతం మీద పెడితే తామరాకు మీద నీటిబొట్టులా జారుతుంది. అందుకని ముందు రేకుని లొంగదీసుకోవాలి. వేలు వెనక పెడితే నీడ కనిపించేంత పల్చగా కోయాలి. రంపపు గాట్లు పోయేదాకా కత్తితో గీకాలి. మెత్తటి ప్యూమిస్ రాతి పొడితోనో, మన మూలికల కొట్లలో సముద్రపు నురుగు పేరుతో అమ్మే పెంకు పొడితోనో మెరుపు చచ్చేదాకా రుద్దాలి. దంతంలో ఉండే జిడ్డు లాగెయ్యాలి. పసుపు ఛాయ పోవడానికి ఎండలో పెట్టాలి. ఎండకి వంకర తిరిగితే కాగితాల మధ్య ఉంచి పైన బరువు పెట్టాలి. ఇన్నీ అయ్యాక గాని కుంచె తీయడానికి లేదు.

రంగులోకి తుమ్మజిగురు, చిటికెడు పటికబెల్లం. జిగురు ఎక్కువైతే పెళుసెక్కి రాలుతుంది, తక్కువైతే పక్క గీత పెట్టేసరికి పాత గీత లేచిపోతుంది. పటికబెల్లం ఆ పెళుసుతనం విరుస్తుంది. ఉడుత వెంట్రుకల కుంచె, ఈక కాడలో బిగించింది. అందరూ అనుకున్నట్టు అది మరీ ఒంటి వెంట్రుక కుంచె కాదు. కడుపు నిండా రంగు పట్టాలి, మొన మాత్రం సూదిలా ఉండాలి. ఎడమవైపు కిటికీ, నిలకడైన వెలుతురు, చేతి కింద వాలుబల్ల.

ఇక ముఖం. ఒంటి రంగు కోసం తెల్లరంగు కలపరు. దంతమే చర్మం. దాని మీద నీళ్లలాంటి రంగుని చుక్కలుగా, వెంట్రుకవాసి గీతలుగా పేర్చుకుంటూ పోతే, లోపలి తెలుపు పైకి తేలి బుగ్గలో రక్తం పారుతున్నట్టుంటుంది. కొందరు రేకు వెనక ముఖం ఉన్న మేరకి వెండి తగరం కూడా పెట్టేవారు, వెలుగు తిరిగి పైకి రావడానికి. కోటుకి, జరీకి, లేసుకి మాత్రం తెల్లరంగు కలిపిన చిక్కటి రంగు. ఒకే రేకు మీద ఒక చోట గాజు, ఇంకో చోట గుడ్డ.

నేనూ ఒకసారి వేయడానికి కూర్చున్నాను, దంతం మీద కాదు, పల్చటి ప్లాస్టిక్ రేకు మీద. ఒక సాయంత్రమంతా పోసి ఒక బుగ్గ తెచ్చాను. ముక్కు నీడ కోసం ఒక్క చుక్క ఎక్కువ తడితో పెట్టాను. బుగ్గ మొత్తం కుంచెకి అంటుకుని వచ్చేసింది. ఆ రోజు నుంచి స్మార్ట్ బొమ్మ ముందు నుంచుంటే నాకు మాట రాదు.

ఎందుకంటే ఆయన చుక్కలు కనిపించవు. మిగతావాళ్ల బొమ్మకి భూతద్దం పెడితే పనితనం బయటపడుతుంది, ఇక్కడ గీత, ఇక్కడ చుక్క అని వేలు పెట్టి చెప్పొచ్చు. స్మార్ట్ ముఖాల్లో చుక్క పక్కన చుక్క ఒదిగి మీనాకారీ చేసినంత నున్నగా ఉంటుంది. అంత నునుపులోనూ ఆ మనిషి వయసు దాచడు. కంటి చివర ముడతలు, కింది రెప్ప ఉబ్బు, గడ్డం గీసుకున్న చోట నీలిఛాయ, తాగుడు అలవాటున్న దొరవారి ముక్కు ఎరుపు, అన్నీ ఉంటాయి. కన్ను చూడండి. నల్లగుడ్డు మీద ఒకే ఒక్క చిక్కటి తెల్ల చుక్క. అది అరవెంట్రుక పక్కకి జరిగితే మనిషి చచ్చిపోతాడు. ఆయన చేతిలో జరగలేదు.

ఇప్పుడు కాస్వే సంగతి. లండన్‌లో విలియం షిప్లీ 1754లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ పెట్టించి పిల్లలకి బొమ్మల పోటీలు మొదలుపెట్టాడు. 1755లో పద్నాలుగేళ్ల లోపు పిల్లల్లో కాస్వేకి మొదటి బహుమతి, స్మార్ట్‌కి రెండోది. కాస్వే అభిమానులు ఇక్కడితో కథ ఆపేస్తారు. ఆ తర్వాత వరసగా మూడేళ్లు స్మార్ట్ మొదటి బహుమతులు కొట్టాడన్నది వాళ్లకి గుర్తుండదు, నేనే గుర్తు చేస్తుంటాను.

కాస్వేలో విషయం లేదని కాదు. గాలి ఊదినట్టు వేస్తాడు. నీలిమబ్బుల ఆకాశం వెనక పెట్టి, దంతాన్ని చాలా మేర ఖాళీగా వదిలి వెలుగు పట్టేస్తాడు. ఆ తెలివికి దండం పెట్టాల్సిందే. కాని ఆయన దొరసానులందరికీ అవే చారెడేసి కళ్లు, అదే పొడుగు మెడ. యువరాజు ఆస్థాన చిత్రకారుడు, పాల్‌మాల్ వీధిలో భవనం, పట్టుకోట్లు, కత్తి. ఊరంతా ఆయన షోకుల మీద వ్యంగ్యచిత్రాలు వేసి నవ్వుకుంది. అక్కడ చెలామణి అయింది షోకు. నాకు కావలసింది ముఖం.

అదే కాలంలో ఇదే పని చేసిన జార్జ్ ఎంగిల్‌హార్ట్ పద్దు పుస్తకం రాసుకునేవాడు. 1775 నుంచి 1813 దాకా 4,853 బొమ్మలు! ముప్పై తొమ్మిదేళ్లకి అన్ని ముఖాలంటే సగటున మూడు రోజులకొకటి. మూడో జార్జి రాజునే పాతికసార్లు వేశాడు. మరో చిత్రకారుడు ఒజయాస్ హంఫ్రీకి గుర్రం మీంచి పడిన దగ్గర్నుంచి కంటిచూపు తగ్గుతూ వచ్చింది. అయినా కలకత్తా, లక్నో వెళ్లి పని చేశాడు, చివరికి గుడ్డివాడయ్యాడు. ఈ విద్య అడిగే వెల అది.

స్మార్ట్ మొండిఘటం. 1768లో రాయల్ అకాడమీ పుడితే పేరున్నవాళ్లు చాలామంది అటు పరుగెత్తారు. ఈయన పాత చిత్రకారుల సంఘం సొసైటీ ఆఫ్ ఆర్టిస్ట్స్‌నే పట్టుకుని ఉండి, అది నీరసపడుతున్న రోజుల్లో 1778లో అధ్యక్షుడయ్యాడు. ఇంట్లో కూడా సుఖం లేదు. భార్య మరో చిత్రకారుడితో రోముకి వెళ్లిపోయి అక్కడే పోయింది. 1785లో నలభై దాటిన వయసులో ఇద్దరు కూతుళ్లని వెంటబెట్టుకుని మద్రాసు ఓడెక్కాడు.

మద్రాసులో ఈ బొమ్మలకి గిరాకీ ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఇంగ్లండుకి ఉత్తరం చేరడానికే నెలలు పట్టే కాలం. వచ్చిన కుర్రవాళ్లలో జ్వరానికో యుద్ధానికో పోయేవాళ్లే ఎక్కువ. తల్లికి పంపడానికి అరచేతిలో పట్టే ముఖం కావాలి. లాకెట్టు వెనక గాజు కింద ఆ మనిషి జుట్టు జడలా అల్లి పెట్టేవారు, పైన బంగారు తీగతోనో ఆవగింజంత ముత్యాలతోనో పొడి అక్షరాలు. నూనెరంగుల పటం గోడకి చెందుతుంది. ఇది ఒంటికి చెందుతుంది.

కుంపిణీ దొరలే కాదు, ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా కూడా స్మార్ట్ ఎదుట కూర్చున్నాడు. మన నెల్లూరు సీమ శిస్తు తిన్న నవాబే. కుంపిణీ ఉద్యోగుల దగ్గర ఆయన చేసిన అప్పుల మీద 1785లోనే ఎడ్మండ్ బర్క్ లండన్ పార్లమెంటులో దుమ్మెత్తిపోశాడు. అప్పుల సంగతి ఎలా ఉన్నా, చిత్రకారుడికి నవాబుని మించిన పరీక్ష లేదు. తెల్లటి దంతం మీద తెల్లటి మస్లిన్, దాని మీద తెల్లటి ముత్యాలు! బూడిదరంగు నీడ ఒక చుక్క, దాని నెత్తిన గట్టి తెలుపు ఇంకో చుక్క, అంతే ముత్యం. చూడ్డానికి అంతే. 1792లో టిప్పుతో సంధి జరిగిన ఏడాది కారన్‌వాలిస్‌ని కూడా స్మార్టే గీశాడు.

మద్రాసు గాలి సంగతి మనకి తెలుసు. అప్పడాలు ఆరవు. ఆ ఉప్పుతేమలో తుమ్మజిగురు ఆరాలి, దంతం వంగకూడదు, రంగుకి బూజు పట్టకూడదు, చెమట చుక్క రాలకూడదు. అయినా ‘ఐ’ ఉన్న బొమ్మలే ఆయన పనిలో తలమానికమంటాను. అంతకు ముందు లండన్‌లో వేసిన బొమ్మల కన్నా కాస్త పెద్దవి, రంగులో వెచ్చదనం ఉంది, ఎండని ఎరిగిన ముఖాలవి. 1795లో తిరిగి వెళ్లిపోయాడు, నవాబూ ఆ ఏడే కన్నుమూశాడు. స్మార్ట్ కొడుకు, తండ్రి పేరే, తండ్రి వృత్తే, తర్వాత మద్రాసుకి వచ్చి 1809లో ఇక్కడే మట్టిలో కలిశాడు. తండ్రి 1811లో లండన్‌లో పోయాడు.

తర్వాత ముప్పై ఏళ్లు కూడా పట్టలేదు. 1839లో డాగేర్ కెమెరా బయటపడింది. రోజుల పని నిమిషాల్లో, అంతకన్నా తక్కువ డబ్బుకి! చేయి తిరిగిన పనివాళ్లు ఫొటోల బుగ్గలకి ఎరుపు అద్దుకుని బతికారు. దాన్ని నేను తప్పుపట్టను, కడుపు కాలింది. నా మంటల్లా ఆ తర్వాత వచ్చిన దొంగసరుకు మీద. ఎవరో ఒక రాణి ముఖాన్ని సెల్యులాయిడ్ మీద అచ్చేసి, పైన నాలుగు గీతలు దిద్ది, మూలన ‘కాస్వే’ అని సంతకం గీకి, పాత పియానో మెట్ల దంతం ముక్కలతో చట్రం కట్టి అమ్మారు. ఇప్పటికీ అమ్ముతున్నారు. మోసపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. పాతసామాన్ల సంతలో బేరమాడి, గెలిచాననుకుని తెచ్చుకున్నా. ఇంటికొచ్చి భూతద్దం పెడితే చెంప మీద వరసగా, కొలిచి పెట్టినట్టు, అచ్చుయంత్రం చుక్కలు! చేతి చుక్క ఎప్పుడూ పక్కదానితో కొలత కలవదు. ఇది తెలియక పోగొట్టుకున్న డబ్బు కన్నా కాస్వేని అంత చవక చేశారన్న బాధే ఎక్కువైంది. చూడండి, నేనే ఆయన్ని వెనకేసుకొస్తున్నాను!

మన దగ్గరా ఇదే తంతు. ఎముక మీదో ప్లాస్టిక్ మీదో ఒకే షాజహాన్, ఒకే ముంతాజ్, వందలకొద్దీ, ‘పాతకాలపు దంతం సార్’ అని చెవిలో చెబుతారు. కొనకండి. అబద్ధమైతే డబ్బు దండగ, నిజమైతే నేరం. దంతం కోసం ఇంకో ఏనుగు చావకూడదు, అందులో నాకు రెండో మాట లేదు. బ్రిటన్ 2018లో దంతం వ్యాపారాన్ని నిషేధిస్తూ చేసిన చట్టంలో 1918కి ముందు వేసిన, 320 చదరపు సెంటీమీటర్లకి మించని ముఖచిత్రాలకి ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చారు. ఇప్పటి చిత్రకారులు దూడతోలు మీద, దంతంలా ఉండే కృత్రిమ రేకుల మీద వేస్తున్నారు. 1890లలో లండన్‌లో పుట్టిన రాయల్ సొసైటీ ఆఫ్ మినియేచర్ పెయింటర్స్ ఇంకా ప్రదర్శనలు పెడుతూనే ఉంది. చేయి పోలేదు, అడిగేవాడే పోయాడు.

ఎవరింట్లోనైనా పాత పెట్టెలో ఇలాంటి లాకెట్టు ఉంటే ఒక్క మాట. బంగారం కోసం కరిగించకండి. వెనక జుట్టుందని అసహ్యించుకుని పీకి పారేయకండి. తడిగుడ్డ అసలే పెట్టకండి, ఒక్క తుడుపుకి ముఖం పోతుంది. కిటికీ పక్కన తగిలించకండి. ఎండకి ముందు ఎరుపే ఎగిరిపోయి, మనిషి చలికి నీలుక్కుపోయినట్టు మిగులుతాడు.

అమెరికాలో కాన్సస్ సిటీ చుట్టుపక్కల మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. అక్కడి నెల్సన్ ఆట్కిన్స్ మ్యూజియంలో స్టార్ దంపతులు ఇచ్చిన సేకరణ ఉంది. స్మార్ట్ పని చేసిన కాలంలో దాదాపు ఏటేటి బొమ్మా ఒక్కటైనా ఉండేలా ఏరి కూర్చారు. లోపలికి టికెట్ లేదు. వెలుతురికి పాడవుతాయి కనక అన్నీ ఒకేసారి బయట పెట్టరు, ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. 1785 నుంచి 1795 మధ్యవి వెతకండి. సంవత్సరం కింద ఆ ఒంటరి అక్షరం కనిపించాలంటే ఊపిరి అద్దానికి తగిలి మసకేసేంత దగ్గరగా వంగాలి. కాపలా మనిషి గొంతు సవరించుకుంటాడు. ఒక అడుగు వెనక్కి వేసి, మసక ఆరాక మళ్లీ వంగండి.