డెస్పాండ్ ఊబి, డెస్పెయిర్ కోట

జాన్ బన్యన్ 1678లో వెలువరించిన ‘పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్’ మన క్రైస్తవ కుటుంబాలకు ‘యాత్రికుని ప్రయాణము’గా బాగా తెలిసిన పుస్తకమే. అందులో నిరాశ రెండు చోట్ల, రెండు పేర్లతో ఎదురవుతుంది. ప్రయాణం మొదట్లోనే ఓ ఊబి ఉంది. దాని పేరు ‘స్లౌ ఆఫ్ డెస్పాండ్’. వీపున మూటతో ఉన్న క్రిస్టియన్ అందులో పడి కూరుకుపోతాడు. తోడు వచ్చిన ప్లయబుల్ ఒళ్లంతా బురద చేసుకుని, తిట్టుకుంటూ ఇంటిదారి పడతాడు. చివరికి హెల్ప్ అనేవాడొచ్చి క్రిస్టియన్‌ని చెయ్యి పట్టి పైకి లాగుతాడు.

చాలా దూరం నడిచాక వచ్చేది డౌటింగ్ కాసిల్ అనే కోట. దాని యజమాని జెయింట్ డెస్పెయిర్. ఈ రాక్షసుడు ఇద్దరు యాత్రికుల్ని బుధవారం పొద్దున్నుంచి శనివారం రాత్రి దాకా చీకటికొట్లో పడేసి, దుడ్డుకర్రతో బాది, మీ ప్రాణాలు మీరే తీసుకోండని సలహా కూడా ఇస్తాడు. కోట తలుపులు తెరిచే తాళంచెవి మాత్రం అంతసేపూ క్రిస్టియన్ రొమ్మునే ఉంది. ఆ సంగతి అతనికి తట్టదు, అంతే.

నిఘంటువులో పక్కపక్కన కనిపించే రెండు మాటల్ని బన్యన్ ఇలా దూరంగా నిలబెట్టాడు. డెస్పాండెన్సీ అంటే సత్తువ దిగజారిపోవడం. ఎంత చేసినా ఇంతేననిపించి కాళ్లు సాగవు, ఎవరైనా చెయ్యందిస్తే లేచే అవకాశం ఉంది. డెస్పెయిర్ అంటే దారే లేదని మనసు తీర్పు చెప్పేయడం. అప్పుడు చేతిలో ఉన్న తాళంచెవి కూడా కనబడదు. (ఆ రాక్షసుడి భార్య పేరు డిఫిడెన్స్. నేటి ఇంగ్లిష్‌లో ఆ మాటకు బిడియం అని అర్థం గానీ, ఆ కాలంలో అపనమ్మకం. ఆవిడ అలాంటి ఇంటికి తగిన ఇల్లాలే.)

ఇలా దగ్గరి మాటల్ని విడదీసి చూపించే పుస్తకాలకు ఇంగ్లిష్‌లో పెద్ద వరసే ఉంది. అలవాటు ఫ్రాన్స్ నుంచి వచ్చింది. అక్కడ గిరార్ అనే రచయిత 1718లో వేసిన పుస్తకాన్ని చూసుకునే 1766లో జాన్ ట్రస్లర్ ఇంగ్లిష్‌లో ఒకటి రాశాడు. నాకు మాత్రం ఆ వరసలో ఆసక్తి కలిగించే మనిషి హెస్టర్ పియోజీ. నిఘంటుకారుడు డాక్టర్ జాన్సన్‌కి ఆప్తురాలు. భర్త పోయాక 1784లో ఓ ఇటలీ సంగీత విద్వాంసుణ్ని పెళ్లాడి జాన్సన్ కోపానికి గురైంది. 1794లో ఆమె వేసిన ‘బ్రిటిష్ సినానమీ’ పండితుల కోసం కాదు. వ్యాకరణం వచ్చీ, నలుగురిలో మాట్లాడేటప్పుడు ఏ మాట ఎక్కడ వాడాలో తెలియక తడబడే పరాయి దేశస్థుల కోసం. అలాంటివాడు ఆమె ఇంట్లోనే ఉన్నాడు కదా!

తర్వాత 1816లో జార్జ్ క్రాబ్ వచ్చాడు. ఆయన పద్ధతి ధాతువుల దగ్గర మొదలవుతుంది: లాటిన్‌లో ఈ మాట ఎక్కడ పుట్టింది, ఆ పుట్టుక వల్ల దీనికి ఏ ఛాయ వచ్చింది అని. చదవడానికి బాగుంటుంది, నమ్మేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. డెస్పరేట్ అనే మాట పుట్టుక ప్రకారం ఆశ లేనిది. కానీ ‘డెస్పరేట్ ఫర్ ఎ జాబ్’ అన్నవాడికి బోలెడు ఆశ ఉంది, వాడు రోజుకు పది దరఖాస్తులు పెడుతున్నాడు. అతనిలో పోయింది ఆశ కాదు, నిదానం.

ధాతువు కన్నా నమ్మకమైన పరీక్ష, ఒకే చోట ఒక్కో మాటా పెట్టి చూడటం. క్రికెట్ కామెంటరీ వినేవాళ్లకు ఇది అలవాటే. చివరి ఓవర్. బంతి నేరుగా పాయింట్ దగ్గరికి వెళ్లింది, పరుగు లేదు, అయినా పరుగెత్తారు. అది డెస్పరేట్ సింగిల్. అదే పరుగును హోప్‌లెస్ అంటే, వీళ్లకు పరుగు తియ్యడమే చేతకాదన్న వెక్కిరింత వచ్చి చేరుతుంది. రనౌటైనవాడు వెళ్లిపోతుంటే అవతలి ఎండ్‌లో బ్యాట్ మీద వాలి నిలబడ్డవాడు ఫర్లార్న్ ఫిగర్. ఆ మాటలో ఆశ పోవడం కన్నా ఒంటరితనం ఎక్కువ. తాళం వేసిన గేటు ముందు కూర్చున్న కుక్కపిల్లకూ, పాడుబడ్డ ఇంటికీ కూడా సరిపోతుంది. డగౌట్‌లో తలలు వంచుకున్నవాళ్లు డెస్పాండెంట్. ఈ చివరి మాట మనుషులకే గానీ మ్యాచ్‌కి అతకదు. మ్యాచ్ హోప్‌లెస్ కావచ్చు, డెస్పరేట్ స్థితిలో ఉండొచ్చు, డెస్పాండెంట్ మాత్రం కాలేదు. మాట ఎవరి మీద, దేని మీద కూర్చుంటుంది, కూర్చున్నాక మనిషి కదులుతాడా ఆగిపోతాడా అన్నవే నా దృష్టిలో అసలు ప్రశ్నలు. బాధ ఎక్కువా తక్కువా అన్నది వాటి తర్వాతే.

ఫర్లార్న్‌కి ఓ వింత చుట్టం ఉంది. కోట గోడ బద్దలయ్యాక ఆ గండిలోకి ముందుగా దూకే చిన్న దండును ‘ఫర్లార్న్ హోప్’ అనేవారు. 1799 మే 4న శ్రీరంగపట్నం కోటపై జరిగిన దాడిలో ముందు నడిచింది అలాంటి దండులే. ఈ పేరులోని హోప్‌కి ఆశతో సంబంధం లేదు. అది డచ్చి మాట, అర్థం గుంపు. ఫర్లార్న్‌తో కలిపి చూస్తే, పోయిన దండు కిందే లెక్క అన్నమాట. ఇంగ్లిష్ చెవికి అది ఆశలా వినబడి, ఇప్పుడు ఫలించదని తెలిసీ పెట్టుకునే ఆశకు అదే పేరు స్థిరపడింది. తప్పుగా విన్నదే ఒప్పయిపోయింది.

1852లో పీటర్ మార్క్ రొజే ‘థెసారస్’తో ఇందాకటి పుస్తకాల వరస మరో దారి పట్టింది. ఆయన మాటల్ని విడదీయలేదు, పోగులు పోశాడు: ఆశ ఒక పోగు, దాని ఎదుట ఆశ లేకపోవడం ఒక పోగు. వృత్తిరీత్యా వైద్యుడు, పుస్తకం వచ్చేనాటికి డెబ్భై దాటినవాడు. నిరాశ ఆయనకు పుస్తకాల్లోదే కాదు. 1818లో మేనమామ సామ్యుయెల్ రొమిలీ, తన భార్య పోయిన కొద్ది రోజులకే ప్రాణం తీసుకున్నప్పుడు, ఆయనకు వైద్యం చేస్తున్నది రొజేనే. మన ‘అమరకోశం’ గురించి కూడా ఆయన తన పుస్తకం ముందుమాటలో ప్రస్తావించాడు. అందులో వర్గీకరణ గందరగోళమనీ, ముఖ్యంగా మనసుకు సంబంధించిన విషయాల్లో లోపమనీ తేల్చేశాడు. నోటికి వచ్చేలా శ్లోకాల్లో కూర్చిన కోశాన్ని బల్ల మీద తిరగేసే పుస్తకంతో పోల్చి మార్కులు వేయడం నాకు న్యాయంగా అనిపించదు.

మాటలు వచ్చినవాడికి మరిచిపోయిన మాట గుర్తుచేస్తుంది రొజే పోగు. రానివాడికి అది ఊబే. అందుకే 1942 నాటి ‘వెబ్‌స్టర్స్ డిక్షనరీ ఆఫ్ సినానిమ్స్’ మళ్లీ విడదీసే పనికి తిరిగొచ్చింది. అది పేరున్న రచయితల వాక్యాలు తెచ్చి, వాడుకను సాక్ష్యంగా పెట్టి తేడా చెబుతుంది.

ఈ తేడాలు పండితుల చాదస్తమనుకునేవారికి ఆరన్ బెక్ పనిని చూపించొచ్చు. ఫిలడెల్ఫియాలో పనిచేసిన ఈ మానసిక వైద్యుడూ సహచరులూ 1974లో హోప్‌లెస్‌నెస్‌ని కొలిచే 20 వాక్యాల పట్టిక ప్రచురించారు. ఒక్కో వాక్యానికీ అవునో కాదో చెప్పాలి. మీకెంత దిగులుగా ఉందని అది అడగదు, రేపటి గురించి ఏమనుకుంటున్నారని అడుగుతుంది. దిగులు తీవ్రత కన్నా రేపటి మీద నమ్మకం లేకపోవడమే చావు ఆలోచనలతో గట్టిగా ముడిపడి ఉందని బెక్ బృందం గమనించింది. అంటే వైద్యుడు కూడా దిగులునీ హోప్‌లెస్‌నెస్‌నీ వేర్వేరు కాగితాల మీద కొలవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఫోన్‌లో మాట మీద వేలు పెడితే రొజే పోగులాంటిదే వస్తుంది, పోగు వెనకున్న ఆలోచన మాత్రం రాదు. నీరసపడి ఉన్న కుర్రాడెవడో ఆ జాబితాలోంచి హోప్‌లెస్ ఏరుకుని, మేనేజర్‌కి మెయిల్‌లో ‘ఐ యామ్ హోప్‌లెస్ ఎట్ దిస్ ప్రాజెక్ట్’ అని రాస్తాడు. ప్రాజెక్టు మీద ఆశ పోయిందని చెప్పడం అతని ఉద్దేశం. మేనేజర్ చదివేది, ఈ పని నాకు చేతకాదని. ‘ఎట్’ తీసి ‘అబౌట్’ పెడితే సగం గండం గడుస్తుంది. ‘డిస్కరేజ్డ్’ అంటే పూర్తిగా గడుస్తుంది, ఎందుకంటే అందులో పోయింది ధైర్యం ఒక్కటే, మిగతావన్నీ ఇంకా అతని దగ్గరే ఉన్నాయి.