ఎడారి బాటకు మన ఊరి కొస: యాత్రారచనను విమర్శించే పద్ధతి

పరిచయం

ఒక యాత్రారచనను చదివి దాని మంచిచెడులు ఎలా నిర్ణయించాలో ఈ పాఠంలో నేర్చుకొంటారు. పురాతన వర్తక మార్గంలో ఎడారి ప్రయాణం అనగానే మనకు ఒంటెల బారులు, ఇసుక తిన్నెలు, వాటి మధ్య మోటారు నడుపుకొంటూ పోయే సాహసి గుర్తుకు వస్తారు. ఇవన్నీ మనకు సంబంధం లేని దూరదేశపు సంగతులనుకొంటాం. కాని పర్షియాలోని ఇస్ఫహాన్ దాకా సాగిన ఒక వర్తక మార్గానికి ఒక కొస నిజామాబాదు జిల్లాలో ఉంది. ఆ కొసన నిలబడి చదివితే యాత్రారచనలు వేరుగా కనిపిస్తాయి.

ఈ పాఠంలో ప్రతిపాదించే విషయం ఒకటే. యాత్రారచన విలువను యాత్రికుడు పోయిన దూరంతోగాని, పడిన కష్టంతోగాని కొలవకూడదు. ఆ దారిని బతికించినవాళ్లు రచనలో ఎంతవరకు కనిపిస్తారో చూసి కొలవాలి.

1. ఇందల్వాయి మీదుగా పోయిన యాత్రికుడు

ఫ్రెంచి యాత్రికుడు థెవెనో డమాస్కస్, అలెప్పో, మోసుల్, బాగ్దాదు, ఇస్ఫహాన్ నగరాలు చూసి, 1666లో సూరత్ రేవులో దిగాడు. అంటే ఎడారి బిడారుల దారి బాగా తెలిసినవాడు. తరువాత గోల్కొండకు వస్తూ ఔరంగాబాదు, నాందేడుల మీదుగా మన ప్రాంతంలోకి ప్రవేశించాడు. ఆ దారిలోనే ఇందూరు, ఇందల్వాయి ఉన్నాయి. ఇందూరు నేటి నిజామాబాదు. ఇందల్వాయి ఇప్పుడు 44వ జాతీయ రహదారి మీద టోల్ గేటు ఉన్న ఊరు.

ఇందల్వాయిలో కత్తులు, బాకులు, ఈటెలు విస్తారంగా తయారవుతాయని, అవి హిందూదేశమంతటా అమ్ముడుపోతాయని, వాటికి కావలసిన ఇనుము దగ్గరి కొండలోని గనినుంచి వస్తుందని థెవెనో రాశాడు. తిరుగు ప్రయాణంలో 1667లో పర్షియాలోనే చనిపోయాడు. భారతదేశ యాత్రాభాగం ఆయన మరణానంతరం అచ్చయింది.

ఈ వర్ణనను విమర్శకుడిగా ఎలా చూడాలి? ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకోండి. సరుకు ఏమిటి, ముడిపదార్థం ఎక్కడిది, అమ్మకం ఎంత దూరం అనే మూడు విషయాలను కొద్ది మాటల్లో చెప్పాడు. ఇక లోపం. కత్తి కనిపించింది, గని కనిపించింది, మధ్యలో కొలిమి దగ్గర కూర్చున్న మనిషి కనిపించలేదు. దారినపోయేవాడికి బజారు కనిపించినంతగా పనిపాక కనిపించదు. దీన్ని థెవెనో దోషంగా కాక, వేగంగా సాగే యాత్రకున్న పరిమితిగా గుర్తించాలి.

2. కోనసముద్రంలో ఆగినవాడు

ఆగి చూసినవాడి రచన ఎలా ఉంటుంది? హెన్రీ వాయ్సీ భూమిని కొలిచే మహా త్రికోణమితీయ సర్వేలో పనిచేసిన వైద్యుడు, భూగర్భ పరిశోధకుడు. మన జిల్లాలోని కోనసముద్రంలో ఉక్కు తయారీని చూసి ఆయన రాసిన వ్యాసం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. రెండు చోట్లనుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును కలపడం, మట్టిమూసల్లో పెట్టి కరిగించడం, కొలిమికి తిత్తులతో గాలి కొట్టడం వంటి వివరాలు అందులో ఉన్నాయి. ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు అప్పుడు ఆ ఊళ్లోనే ఉన్నాడు. ఈ ఉక్కును తమ దేశంలో తయారుచేయాలని పర్షియావారు ప్రయత్నించి విఫలమయ్యారన్న సంగతి కూడా వాయ్సీ నమోదు చేశాడు.

ఎడారి దారి కథ ఇక్కడ తిరగబడడం గమనించండి. మనం దూరం పోయి చూడవలసిన వింతగా ఎడారి దారిని ఊహించుకొన్నాం. ఇక్కడ మాత్రం ఆ దారి కొసనుంచి ఒక మనిషి సముద్రం దాటి, ఈ పల్లెలో కొలిమి పక్కన కాచుకొని కూర్చున్నాడు. ఒంటెల మీద ఎడారి దాటే సరుకు విలువ ఒంటెల వల్ల రాలేదు, కోనసముద్రం కమ్మరుల చేతిపని వల్ల వచ్చింది. అయినా వాయ్సీ వ్యాసంలో ముఖం ఉన్న మనిషి ఆ వర్తకుడే. పని వివరంగా ఉంది, పనివాడి మాట లేదు. ఆగి చూడడం అవసరమే, కాని అదొక్కటే సరిపోదని దీనివల్ల తెలుస్తుంది.

3. వెనుక వచ్చేవారికోసం రాసినవాడు

ఇప్పుడు తెలుగు రచనకు వద్దాం. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. హైదరాబాదునుంచి నిర్మల మీదుగా నాగపూరు పోయే దారి మన ప్రాంతంలోనుంచే సాగుతుంది. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది.

ఇందులో ఎడారి లేదు. కాని వర్తక మార్గాన్ని ఎలా రాయాలో తెలిపే నమూనా ఉంది. మజిలీలో దిగడానికి వసతి ఉందా, బజారులో ఏ వస్తువులు దొరుకుతాయి, బాట ఎలా ఉంది అన్నవి ఆయన ఓపికగా రాస్తాడు. ఈ వివరాలు కొందరికి విసుగు పుట్టిస్తాయి. మీరు తొందరపడవద్దు. ఇవి గొప్ప చెప్పుకోవడానికి రాసినవి కావు, వెనుక అదే దారిన వచ్చేవాడికి పనికిరావడానికి రాసినవి. రచయిత దృష్టి తనమీదినుంచి దారిమీదికి మళ్లింది. ఆ గ్రంథానికి బలం అక్కడే ఉంది.

అయితే ఆయన పల్లకీలో కూర్చుని చూసిన లోకం అది. పల్లకీ మోసిన బోయీలు రాసి ఉంటే అదే ఎగుడుదిగుడు బాట ఇంకో విధంగా ఉండేది. ఈ మాటవల్ల గ్రంథం గౌరవం తగ్గదు. అది ఏ ఎత్తునుంచి చూసిన చూపో తెలుస్తుంది.

4. రాయని ప్రయాణం

ఈనాడు పట్టుదారి వెంట మోటారు వాహనాల్లో పోయి రాసేవారున్నారు. తెలుగులో పరవస్తు లోకేశ్వర్ 'సిల్క్ రూట్‌లో సాహస యాత్ర' ఉంది. అటువంటివి చదివేటప్పుడు పైన వేసిన ప్రశ్నలే వేయండి: రచయిత ఎక్కడ ఆగాడు? ఎవరితో మాట్లాడాడు? ఎవరికోసం రాశాడు?

వీటికి తోడు ఇంకొక ప్రశ్న మీ ఇంటి చుట్టుపక్కలే ఉంది. బోధన్ ప్రాంతం నిజాంసాగర్ నీళ్లతో చెరుకు పండించిన నేల. 1937లో స్థాపించిన చక్కెర కర్మాగారంలో 2015లో పని ఆగిపోయింది. ఈ జిల్లాలో గల్ఫ్‌కు మనుషులను పంపని ఊరు వెతికితేగాని దొరకదు. ఏ దేశానికి పోయినా ఊళ్లో దాన్ని 'దుబాయి పోవుడు' అనే అంటారు. అలా పోయినవారిలో డ్రైవర్లు ఉన్నారు. రియాద్‌నుంచి దమ్మాం పోయే రహదారి దహ్నా ఇసుక తిన్నెలను దాటుతుంది. సాహసికి అది జీవితంలో ఒకసారి చేసే యాత్ర. ఆ దారిలో లారీ తోలేవాడికి రోజువారీ పని. ఎండ, ఇసుక గాలి, అఖామా గడువు, ఏజెంటుకు కట్టిన అప్పు వడ్డీ అన్నీ అతనికి తెలుసు. ఎడారి దారి గురించి రాయడానికి అతనికంటే అర్హుడు ఎవరు? కాని మన పాఠ్యప్రణాళికల్లో యాత్రాచరిత్ర కింద అతని ప్రయాణం చేరలేదు. సెలవుమీద వచ్చినప్పుడు చెప్పిన ముచ్చటగానే అది ముగిసిపోతున్నది.

ఒక జాగ్రత్త తప్పనిసరి. కష్టం చెప్పుకొన్నంత మాత్రాన రచన గొప్పది కాదు. ఆ డ్రైవరు రాసినా ఇదే కొలత వర్తిస్తుంది. పక్క సీటులోని పరదేశి, దారిలో చాయ్ పోసినవాడు, పంక్చరు వేసినవాడు అతని రచనలో మనుషులుగా కనిపించాలి. జాలికొద్దీ కొలత మార్చడం విమర్శ కాదు.

సారాంశం

థెవెనో సరుకును చూశాడు. వాయ్సీ పనిని చూశాడు. వీరాస్వామయ్య బాటను చూశాడు. దారిని మోసినవాళ్ల చూపు ఇంకా రాయవలసి ఉంది. యాత్రారచనలో ఏముందో చెప్పడంతోపాటు, దానికి అందనిది ఏదో న్యాయంగా చూపడం విమర్శకుడి పని.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. ఇందల్వాయి గురించి థెవెనో చెప్పిన విషయాల్లోని బలాన్ని, పరిమితిని వివరించండి.
2. 'కాశీయాత్ర చరిత్ర'లోని మజిలీ వివరాలకు సాహిత్య విలువ ఉందా? సకారణంగా చర్చించండి.
3. మీ ఊళ్లో గల్ఫ్‌నుంచి తిరిగి వచ్చిన ఒకరిని అడిగి, వారి ఒకరోజు ప్రయాణాన్ని వారి మాటల్లోనే రెండు పేజీలు రాయండి. ఈ పాఠంలోని కొలతతో దాన్ని మీరే విమర్శించండి.