‘చదువు’ నవలలో ప్రపంచ వ్యవహారాలు: తెనాలి నుంచి కాశీ దాకా

వ్యాససంగ్రహం:
కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ నవలను విద్యావిధానంపై విమర్శగా, మధ్యతరగతి సాంఘిక చరిత్రగా చదవడం పరిపాటి. ఆ నవలలో ప్రపంచ వ్యవహారాలు కథకు నేపథ్యంగా కాక కథను నడిపే కారణంగా పనిచేస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు ఆర్థిక చరిత్రను, ఆచార్య ఎన్.జి. రంగా ఉదాహరణను తోడు తీసుకుని, దూర నగరంలోని విశ్వవిద్యాలయ విద్యకూ ఊళ్లోని ధాన్యం ధరకూ మధ్య ఉన్న సంబంధాన్ని పరిశీలిస్తుంది. నవల పరిమితులను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: కొడవటిగంటి కుటుంబరావు, ‘చదువు’, ఆర్థికమాంద్యం, కృష్ణా పశ్చిమ డెల్టా, ఉన్నతవిద్య, ప్రపంచ వ్యవహారాలు.

1. ఉపోద్ఘాతం:
అంతర్జాతీయ రాజకీయాలు విశ్వవిద్యాలయంలో ప్రత్యేక బోధనాంశంగా మారి నూరేళ్లు దాటింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1919లో, వేల్స్‌లోని అబరిస్ట్విత్‌లో ఈ విషయానికి తొలి ఆచార్య పీఠం ఏర్పడింది. భారతదేశంలో 1955లో ఢిల్లీలో స్థాపితమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ ఈ అధ్యయనానికి ఆధారపీఠమైంది. అది తరువాత జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఈ శాస్త్రం పుట్టింది నగరాలలో, విశ్వవిద్యాలయాలలో. రాజ్యాలు, ఒప్పందాలు, యుద్ధాలు, సంస్థలు దాని తొలి పాఠాలు.

ఈ పాఠాలు చెప్పే తరగతి గదికి చాలా దూరంలో, కాలువ కింద వరి పండే ఊళ్లలో, ప్రపంచ వ్యవహారాలు మరో రూపంలో అనుభవంలోకి వస్తాయి. ఆ అనుభవాన్ని తెలుగు నవలలో పట్టి చూపినవారిలో కుటుంబరావు ముఖ్యులు. ఆయన చదివింది భౌతికశాస్త్రం. అంతర్జాతీయ వ్యవహారాలను ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆయన పాఠంగా చదవలేదు. అయినా ‘చదువు’ నవలను ప్రపంచ వ్యవహారాల పాఠంగా చదవడానికి బలమైన ఆధారాలున్నాయి.

2. రచయిత, ప్రాంతం, కాలం:
కుటుంబరావు 1909లో తెనాలిలో జన్మించారు. విజయనగరం మహారాజా కళాశాలలో పట్టభద్రులై, 1929లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం ఎమ్మెస్సీలో చేరారు. ఆర్థికమాంద్యం తెచ్చిన ఇబ్బందుల వల్ల ఆ చదువు మధ్యలో ఆగిపోయింది. నవలలోని సుందరం జీవితంలో ఈ అనుభవపు జాడలు స్పష్టం. అయితే నవలను ఆత్మకథగా కుదించి చదివితే, అందులోని ప్రధాన ప్రశ్న కనబడకుండా పోతుంది. ఒక యువకుడి చదువు ఎందుకు ఆగిందన్నది చిన్న ప్రశ్న. అతని చదువును ఆపగలిగిన శక్తి ఎక్కడ ఉంది, దానిని అతని చదువు అతనికి ఎందుకు పరిచయం చేయలేదన్నది పెద్ద ప్రశ్న.

తెనాలి, బాపట్ల, రేపల్లె కృష్ణా పశ్చిమ డెల్టాకు చెందినవి. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేలలో వరి వ్యాపారపు పంట అయింది. 19వ శతాబ్ది చివర విజయవాడ–మద్రాసు రైలుమార్గం తెనాలి, బాపట్లల మీదుగా సాగింది. 1916లో గుంటూరు–రేపల్లె మార్గం వచ్చి తెనాలి కూడలి స్టేషనైంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయం స్థాపన కూడా 1916లోనే. ఈ కలయిక యాదృచ్ఛికమే అయినా, నవలా కాలాన్ని అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. ధాన్యాన్ని మార్కెట్టుకు చేర్చిన రైలే విద్యార్థిని దూర నగరానికి చేర్చింది. ధాన్యం మీద వచ్చిన డబ్బే మనియార్డరుగా అతని వెంట వెళ్లింది. 1913లో తొలి ఆంధ్ర మహాసభ జరిగిన బాపట్ల, 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వెలువడిన ‘ఆంధ్రపత్రిక’ ఈ ప్రాంతపు చదువరులకు రాజకీయ ప్రపంచాన్ని పరిచయం చేశాయి. ధరల ప్రపంచాన్ని వివరించే బడి మాత్రం లేదు.

3. నేపథ్యమా, కారణమా?
నవల సుందరం అక్షరాభ్యాసంతో మొదలవుతుంది. 1915–35 మధ్యకాలం దాని పరిధి. మొదటి ప్రపంచయుద్ధం, సహాయ నిరాకరణ, ఉప్పు సత్యాగ్రహం, ఆర్థికమాంద్యం ఈ పరిధిలోనే సాగిపోతాయి. చరిత్రను నేపథ్యంగా వాడుకునే నవలల్లో ఇలాంటి సంఘటనలను తొలగించినా కథ నిలబడుతుంది. ‘చదువు’లో అలా తొలగించడం సాధ్యం కాదు. మాంద్యాన్ని తీసేస్తే సుందరం చదువు ఆగడానికి, నిరుద్యోగానికి, ఇంటి ఆశలు తలకిందులు కావడానికి కారణమే మిగలదు.

మాంద్యం ఆ ఇంటిదాకా ఎలా వచ్చిందో పరిశీలించాలి. 1929 తరువాత మద్రాసు రాష్ట్రంలో ధాన్యం ధరలు నాలుగైదేళ్లలో సగానికి పడిపోయాయి. బర్మా అప్పటికి బ్రిటిష్ ఇండియాలో భాగమే. అక్కడి బియ్యం సుంకం లేకుండా మద్రాసు రేవుకు వచ్చేది. 1927లో రూపాయి విలువను షిల్లింగు ఆరు పెన్నీలుగా స్థిరపరచిన చట్టం దిగుమతులను చౌక చేసి, ఇక్కడి పంట ధరను మరింత నొక్కింది. శిస్తు మాత్రం నగదులో స్థిరంగా ఉంది. ధర సగమైతే అదే శిస్తు కట్టడానికి రెట్టింపు ధాన్యం అమ్మాలి. అప్పు ఇచ్చేవాడు వెనకాడాడు. కౌలు రాబడి మీద బతికే చిన్న భూవసతి గల మధ్యతరగతి ఇంట్లో ఈ పరిణామాలన్నీ కలిసి ఒకే వాక్యంగా వినిపించేవి: ఈ నెల డబ్బు పంపలేము.

న్యూయార్కు, లండన్, రంగూన్‌లలో జరిగినది డెల్టా ఇంటికి చేరేసరికి ధరగా, బాకీగా మారింది. కుటుంబరావు ప్రపంచాన్ని ఇలా కుటుంబపు జమాఖర్చుల నుంచే చూపుతారు. ఆయన నిరలంకార వచనానికి ఇందులో పాత్ర ఉంది. ఉపన్యాసధోరణి గల రచయిత మాంద్యం గురించి వ్యాఖ్యానించేవాడు. కుటుంబరావు కథనం మనుషుల మాటల్లో, వాయిదాల్లో, సర్దుబాట్లలో దాని పనిని చూపుతుంది. పాత్రలకు కారణం పూర్తిగా తెలియదు, పాఠకుడికి తెలుస్తుంది. ఈ ఎడమే నవల ప్రధాన శిల్పం.

అక్షరాభ్యాసం నుంచి విశ్వవిద్యాలయం దాకా సుందరానికి అందిన చదువు ఈ ఎడాన్ని పూడ్చదు. అందుకే నవల పేరులో వ్యంగ్యం ఉంది. పరీక్షల చదువు ఒకవైపు సాగుతుంది. లోకం నేర్పే చదువు మరోవైపు సాగుతుంది. రెండూ కలిసే చోటు పాఠ్యప్రణాళికలో లేదు.

4. రంగా: మరో దారి
ఈ ఎడాన్ని పూడ్చే ప్రయత్నం అదే ప్రాంతంలో మరొకరు చేశారు. తెనాలి–బాపట్ల రైలుదారిలోని నిడుబ్రోలులో 1900లో జన్మించిన ఎన్.జి. రంగా ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి బి.లిట్. పట్టా పొందారు. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థపై ఆయన గ్రంథం 1926లో వెలువడింది. 1930ల తొలి సంవత్సరాల్లో నిడుబ్రోలులో రైతుల కోసం విద్యాలయాన్ని స్థాపించారు. అంటే విదేశీ నగరంలో నేర్చిన పరిశీలనా పద్ధతిని ఊరి లెక్కలకు అన్వయించి, దానిని రైతుకే పాఠంగా తిరిగి అందించే ప్రయత్నం అది.

సుందరాన్ని, రంగాను పక్కపక్కన పెట్టడం వల్ల ఒకరు ఓడారని, మరొకరు గెలిచారని తేల్చనవసరం లేదు. ఒకటి కల్పన, మరొకటి జీవితం. పైగా ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లగల వసతి అందరికీ లేదు. మాంద్యానికి ముందే చదువు ముగించుకోవడం రంగాకు కాలం ఇచ్చిన వెసులుబాటు. అయినా ఈ పోలిక ఒక విషయాన్ని తేటపరుస్తుంది. ప్రపంచాన్ని చదవడానికి నగరం అవసరం కావచ్చు. ఆ చదువుకు పరీక్ష మాత్రం ధాన్యం ధర తెలిసిన ఊళ్లోనే జరుగుతుంది. కుటుంబరావు కూడా తరువాతి దశాబ్దాల్లో అంతర్జాతీయ రాజకీయాలపై విరివిగా వ్యాసాలు రాశారు. కాశీలో ఆగిన చదువు ఆయన విషయంలో పత్రికల్లో కొనసాగిందని చెప్పవచ్చు.

5. నవల పరిమితులు:
ఈ పఠనం నవలను మెచ్చుకోవడంతో ఆగకూడదు. సుందరం బ్రాహ్మణ మధ్యతరగతి యువకుడు. ధర పడిపోయినప్పుడు అతనికి ఆగింది చదువు. కౌలు రైతుకు, కూలికి, దళితవాడకు ఆగినవి వేరు. శిస్తుకోసం ధాన్యం అమ్మిన ఇంటికి, ఆ ధాన్యాన్ని కోసిన ఇంటికి మాంద్యం ఒకే రీతిలో రాలేదు. స్త్రీలు ఈ కథలో ఇంటి జమాఖర్చులను మోస్తారు. వారికి మాత్రం ఆగిపోవడానికైనా ఉన్నతవిద్య మొదలు కాలేదు. చదువు లేకపోవడం, చదువు ఆగిపోవడం భిన్నమైన అనుభవాలు. నవల రెండవదానిని సాధికారంగా చెబుతుంది. మొదటిదానికి దాని కేంద్రంలో చోటు లేదు.

కుటుంబరావు అన్నిటినీ ఆర్థిక కారణాలకు కుదిస్తారన్న ఆక్షేపణ కూడా ఆలోచించదగినదే. అయితే ఆయన పాత్రలు డబ్బు చేత మాత్రమే కదలవు. జాతీయోద్యమ ప్రభావం, కుటుంబ మర్యాద, తల్లిదండ్రుల ఆశ వాటిని నడుపుతాయి. ఆర్థికస్థితి ఆ ఆశల హద్దును నిర్ణయిస్తుంది. దానిని గుర్తించడం కుదింపు కాదు.

6. వర్తమాన ప్రాసంగికత:
రేపల్లె, బాపట్ల తీరప్రాంతంలో నేడు వరితోపాటు రొయ్యల చెరువులున్నాయి. భారతీయ రొయ్యలకు అమెరికా అతిపెద్ద విపణి. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మరుసటి నెలలోనే హెచ్-1బి వీసా కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుమును ప్రకటించింది. రొయ్యల రాబడిని నమ్ముకుని పిల్లవాడిని అమెరికా విశ్వవిద్యాలయానికి పంపిన ఇంటిని ఊహిస్తే, అతని ఫీజు కట్టే చెరువు ధర, అతని ఉద్యోగావకాశం రెండూ వాషింగ్టన్ నిర్ణయాలకే కట్టుబడి ఉన్నాయి. విద్యారుణానికి మాత్రం ఊళ్లోని పొలం హామీ. ఆ కుర్రవాడు చదివేది ప్రపంచ వ్యవహారాలైనా, కంప్యూటర్ శాస్త్రమైనా, సుందరం ప్రశ్న అతనిదీ అవుతుంది. పోలికకు హద్దూ ఉంది. సుందరం కాలంలో కబురు చేరడానికి ఉత్తరం రావాలి. నేడు సుంకం వార్త క్షణంలో చెరువుగట్టుకు చేరుతుంది. వార్త అందినంత వేగంగా దాని అవగాహన అందుతున్నదా అన్నది వేరే సంగతి.

7. ముగింపు:
‘చదువు’లో ప్రపంచ వ్యవహారాలు పాఠ్యాంశంగా లేవు. పాఠాన్ని మధ్యలో ఆపే శక్తిగా ఉన్నాయి. ఈ దృష్టితో నవలను తెలుగు శాఖలతోపాటు అంతర్జాతీయ అధ్యయన శాఖలు కూడా చదవవలసి ఉంది. మాంద్యాన్ని విధానపత్రాల నుంచి నేర్చుకునే విద్యార్థికి, అది ఒక ఇంట్లో ఏ మాటలుగా మారిందో ఈ నవల తెలుపుతుంది. తెలుగు పరిశోధకుల బాధ్యత మరొకటి. నవలా కాలపు శిస్తు నివేదికలను, పత్రికల్లోని ధాన్యం ధరలను, నవలలోని కాలక్రమాన్ని పక్కపక్కన ఉంచి పరిశీలించాలి. అలాగే కౌలుదారుల, కూలీల, స్త్రీల వైపు నుంచి అదే కాలాన్ని చెప్పిన రచనలను, మౌఖిక కథనాలను సేకరించాలి. అప్పుడే సుందరం కథలో చోటు దొరకని డెల్టా అనుభవం కూడా విమర్శ పరిధిలోకి వస్తుంది.